చర్చ: గూటిమీద అడుగుపెట్టినది మగసాలీడా, ఆహారమా? ఆడసాలీడుకు ఎలా తెలుస్తుంది?

మల్లెపందిరి:
మా పెరట్లో గోరింట పొదల మధ్య, గూటి నడుమ ఇంటూ గుర్తులాగా తెల్లని పట్టు అల్లే సాలీడు ఒకటి నెల రోజులుగా ఉంటోంది. నిన్న సాయంత్రం దానిలో నాలుగో వంతు కూడా లేని మరో సాలీడు గూటి వెనుకనుంచి వచ్చి, రెండడుగులు వేసి ఆగి, ఒళ్లంతా వణికించి, మళ్లీ కదలడం చూశాను. మిడత పడితే రెప్పపాటులో దూకి పట్టుతో చుట్టేసే ఆ ఆడసాలీడు ఈసారి కదలకుండా ఉండిపోయింది. ఆ వణుకు దానికి ఏం తెలియజేసి ఉంటుంది? ఇలాంటివి గమనించినవారు దయచేసి రాయండి.

కొండవాగు:
మీరు చూసినది ఆర్జియోపే ప్రజాతికి చెందినదండీ. చిక్కుకున్న పురుగు గూటిని అడ్డదిడ్డంగా, బలంగా కుదుపుతుంది. మగసాలీడు మాత్రం ఒక లయతో కదుపుతుంది. ఆస్ట్రేలియాలో ఉండే ఆర్జియోపే కీసర్లింగి మీద 2013లో వెలువడిన పరిశోధనలో, మగదాని వణుకును పోలిన ప్రకంపనలను గూటికి అందించినప్పుడు, ఆహారం ఎదురుగా ఉన్నా ఆడసాలీడు దాడి చేయడానికి ఎక్కువ సమయం తీసుకుంది. అంటే ఆ వణుకు వచ్చినవాడెవడో చెప్పడంతో ఆగక, ఆడదాని వేట స్వభావాన్ని కాసేపు నిలిపి ఉంచుతోందన్నమాట. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది ఇదే.

రాలినాకు:
నేను అమెరికాలోని ఒహాయోలో ఉంటాను. ఇక్కడి అడవుల్లో గూడు కట్టకుండా నేలమీద తిరిగే తోడేలు సాలీళ్లలో స్కైజోకోసా ఓక్రియేటా, స్కైజోకోసా రోవ్నెరీ అనే రెండు జాతులున్నాయి. వాటి ఆడవాటిని చూపుతో వేరుచేయడం చాలా కష్టం. ఓక్రియేటా మగదానికి ముందుకాళ్లపై నల్లటి వెంట్రుకల కుచ్చులుంటాయి. అది కాళ్లు ఊపుతూ, ఎండుటాకులపై దరువు వేస్తూ ఆడదాని ముందుకు వస్తుంది. రోవ్నెరీ మగదానికి ఆ కుచ్చులు లేవు, అది ప్రధానంగా ప్రకంపనలనే నమ్ముకుంటుంది. రోవ్నెరీని వేరే జాతిగా 1979లో వర్ణించారు. ప్రయోగశాలలో బలవంతంగా కలిపితే ఈ రెండింటికీ సంకర సంతానం కలుగుతుంది కాబట్టి, అడవిలో వాటిని విడదీసి ఉంచుతున్నది శరీరం కాదు, ఆడది తన జాతి సంకేతాన్ని మాత్రమే అంగీకరించడం. మగది కూడా ఊరకే మొదలుపెట్టదు. ఆడది నడిచిన దారిలో వదిలిన పట్టుపోగు కాళ్లకు తగిలితే, దానిమీది రసాయనాన్ని గుర్తించి అప్పుడు దరువు అందుకుంటుంది.

అద్దాలగది:
గోడలమీద గెంతే సాలీళ్లకు చూపే ప్రధానం. మా ఇంట్లో ఒక మగది అద్దంలో తన నీడను చూసి ముందుకాళ్లు పైకెత్తి నిలబడింది, ప్రత్యర్థి అనుకున్నట్లుంది.

మన్యంబాట:
మారేడుమిల్లి వైపు చెట్ల మధ్య పెద్ద గూళ్లు కట్టే నెఫిలా పిలిపెస్‌ను చూసే ఉంటారు. ఆడదాని శరీరం నాలుగైదు సెంటీమీటర్లు, మగది అయిదారు మిల్లీమీటర్లు మాత్రమే. మగది ఆడదాని వీపుమీద అటూ ఇటూ తిరుగుతూ సన్నని పట్టుపోగులు పరుస్తుంది. అవి దానిని కట్టిపడేసేంత బలమైనవి కావు. ఆ స్పర్శే ఆడదానిని శాంతింపజేస్తుందని 2011లో వచ్చిన ప్రయోగాలు సూచించాయి.

మల్లెపందిరి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రి టార్చితో వెళ్లి చూస్తే మగది కనిపించలేదు, ఆడదాని నోటి దగ్గర చిన్న పట్టుమూట ఉంది. మనసు చివుక్కుమంది. సంకేతం పనిచేయలేదని అనుకోవాలా?

కొండవాగు:
అలా అనుకోనక్కరలేదండీ. ఈ ప్రజాతిలో సంయోగం జరుగుతుండగానే ఆడది మగదానిని పట్టుతో చుట్టేయడం సాధారణం, కాబట్టి ఆ మూటను బట్టి ఏదీ తేల్చలేం. కొద్ది వారాల్లో గూటి దగ్గర ఆకుల చాటున గుడ్ల సంచి కనిపించవచ్చు. దానిని కదపకుండా ఉంచి, పిల్లలు బయటికొస్తే ఇక్కడ తప్పక తెలియజేయండి.