8×6 గార్నెట్: ఫొటోలో దానిమ్మ గింజ, చేతిలో బొగ్గు ముక్క. ఉంచుకోవాలా, పంపేయాలా?

తార్నాక టీకప్పు (శుక్రవారం, రాత్రి 11:42)
సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని, కళ్లు లాగేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో ఒక గార్నెట్ తెప్పించాను. విడి రాయి, ఓవల్, 8×6 మి.మీ., బరువు 2.6 రత్తి. సైట్‌లో ఫొటో చూస్తే అప్పుడే విరిచిన దానిమ్మ గింజ. ఇవాళ కొరియర్ విప్పి ట్యూబ్‌లైట్ కింద పెడితే బొగ్గు. వంటింట్లో పసుపు బల్బు కింద మళ్లీ ఎర్రగా ఉంది. వెనక ఫోన్ టార్చ్ పెడితే బ్రహ్మాండం. ఇందులో ఏది దాని అసలు రంగు? కటింగ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? పన్నెండు వీడియోలు చూశాను. ఒకాయన ముదురు రంగే మేలంటాడు, ఇంకొకాయన అసలు కొనొద్దంటాడు. వాపసు గడువు సోమవారం దాకానే. దయచేసి సూటిగా చెప్పండి.

సానరాయి (11:50)
లోతు ఎంత?

తార్నాక టీకప్పు (11:51)
8×6 అని రాశాను కదండీ.

సానరాయి (11:51)
అది పొడవు, వెడల్పు. లోతు అడిగాను.

రాహుకాలం (11:58)
గార్నెట్ అంటే గోమేదికమే కదా అన్నా. రాహువు రాయి. రంగు, కటింగ్ తర్వాత సంగతి, ముందు మీ జాతకంలో రాహువు ఎక్కడున్నాడో చూపించుకోండి. పడని వాళ్లు పెట్టుకుంటే మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

తార్నాక టీకప్పు (శనివారం, ఉదయం 12:03)
అన్నా కాదు, అక్క. జాతకానికి కాదండీ ఇది.

బోడుప్పల్ భాష్యం (ఉదయం 12:10)
ఎర్ర గార్నెట్ గోమేదికం కాదు. గోమేదికం అంటే హెసొనైట్, తేనె రంగు, దాల్చినచెక్క రంగు. రెండూ గార్నెట్ కుటుంబంలోవే, అంతవరకు నిజం. కుటుంబం ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడవుతాడా? ఎర్రవి ఎక్కువగా ఆల్మండైన్, పైరోప్, లేదా ఆ రెండూ కలిసినవి. ఆ కలిసినవాటిలో కాస్త ఊదా గులాబీ ఛాయ ఉన్నదాన్ని రోడొలైట్ అంటారు.

రాహుకాలం (ఉదయం 12:14)
గోమూత్రం రంగులో ఉంటుంది కాబట్టే గోమేదికం. మా గురువుగారు చెప్పారు.

బోడుప్పల్ భాష్యం (ఉదయం 12:16)
మేదస్సు అంటే కొవ్వు. గో మేదస్సు. మూత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

రాహుకాలం (ఉదయం 12:17)
రంగు సంగతి చెప్తున్నా, వ్యాకరణం కాదు.

పత్తర్‌గట్టి పాతకాపు (శనివారం, ఉదయం 7:20)
వాళ్లిద్దరినీ అలా ఉండనివ్వండి. అక్కా, మీరు మూడు దీపాల కింద చూశారు, నాలుగోది మర్చిపోయారు. పగటి వెలుతురు. ఎండలో కాదు, బాల్కనీ నీడలో. పొద్దున పదింటికి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, తర్వాత రెండు వేళ్ల సందున పెట్టి చూడండి. ఆ రెండింటిలోనూ ఎరుపు కనిపిస్తే రాయికి రంగున్నట్టు. పసుపు బల్బు ఎర్ర రాళ్లన్నిటినీ పొగుడుతుంది, దాని మాట నమ్మొద్దు. టార్చ్ సంగతి సరేసరి. వెనక నుంచి కొడితే పగిలిన సీసా ముక్క కూడా మాణిక్యమే. సైట్లలో సగం ఫొటోలు అలా తీసినవే. పైగా ఫోన్ కెమెరాకి ఎరుపంటే పిచ్చి, ఉన్నదానికి ఇంకో రెండు పాళ్లు కలుపుతుంది. అందుకే నేను ఫొటో చూసి కొనను. నీడలో, చేతిలో పట్టుకుని, అటూ ఇటూ వంచుతూ తీసిన వీడియో అడుగుతాను. పంపనన్నవాడి దగ్గర కొనను.

ఇక కటింగ్. పేపర్‌లో చిన్న అక్షరాల మీద రాయిని బోర్లించకుండా, పై పలక మీకు కనిపించేలా పెట్టండి. మధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే దాన్ని కిటికీ అంటాం. కింది పలకలు మరీ పల్చగా వాలినప్పుడు వెలుతురు తిరిగి కంటికి రాదు, కిందికే జారిపోతుంది. గార్నెట్ వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.76 అనుకుంటే ఆ వాలు హద్దు దాదాపు 35 డిగ్రీలు. అంతకంటే తగ్గితే కిటికీ తప్పదు. దీనికి వ్యతిరేకం పొట్ట. కింద మందంగా వదిలేస్తారు, ఎందుకంటే అమ్మేది బరువు లెక్కన. అసలే ముదురు రాయి, అందులో వెలుతురు అంత మందం దాటాలి, మధ్యలోనే ఆరిపోతుంది. మీది ఆ రెండోదని నా అనుమానం.

సానరాయి (7:31)
అందుకే లోతు అడిగింది.

తార్నాక టీకప్పు (8:05)
అక్షరాలు కనిపించలేదు. బాల్కనీలో అంచుల్లో ఎరుపు ఉంది, మధ్యలో నలుపు. లోతు కొలవడానికి నా దగ్గర ఏమీ లేదు, పిల్లాడి స్కేలు తప్ప. 2.6 రత్తి అంటే లోతు లెక్క కట్టలేమా?

బోడుప్పల్ భాష్యం (8:12)
ఏ రత్తి? కంసాలి రత్తి అయితే ఒక రత్తికి 0.6 క్యారెట్ చిల్లర. రాళ్ల షాపుల్లో చెప్పే పక్కా రత్తి అయితే 0.91. మొదటి లెక్కలో మీది 1.58 క్యారెట్లు, రెండో లెక్కలో 2.37. ఈ రత్తి అనే మాటే నిషేధించాలి నన్నడిగితే. క్యారెట్ అంటే 0.2 గ్రాములు, ప్రపంచమంతా ఒకటే. మనకెందుకండీ ఈ గురివింద గింజల లెక్క.

పత్తర్‌గట్టి పాతకాపు (8:20)
గురివింద గింజను ఏమనకండి, తరతరాలుగా బంగారం తూచింది. అక్కా, కవర్ మీద గ్రాములు రాసి ఉంటాయి చూడండి.

తార్నాక టీకప్పు (8:24)
0.47 గ్రాములు.

సానరాయి (8:33)
2.35 క్యారెట్లు. ఓవల్‌కి పొడవు × వెడల్పు × లోతు × సాంద్రత × 0.002. గార్నెట్ సాంద్రత 4 వేసుకోండి. లోతు 6.1 మి.మీ. వస్తుంది. వెడల్పే 6. పంపేయండి.

పత్తర్‌గట్టి పాతకాపు (8:40)
అదీ లెక్క. 8×6 ఓవల్ ఒళ్లు సరిగ్గా ఉంటే లోతు నాలుగు దగ్గర ఉండాలి, బరువు ఒకటిన్నర క్యారెట్. మీరు డబ్బు కట్టిన దాంట్లో ముప్పావు క్యారెట్ పైగా పొట్టే. ఇకనుంచి సైట్‌లో మూడు కొలతలూ, బరువు గ్రాముల్లోనూ లేకపోతే వదిలేయండి.

కొత్తగూడెం కొండరాయి (11:15)
గార్నెట్ మాటొస్తే మా ఊరి సంగతి ఎవరూ ఎత్తరేం? కొత్తగూడెం పక్కన గరీబ్‌పేట కొండ ఉంది. దాని చుట్టూ మట్టిలో ఆల్మండైన్ గింజలు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్ పూసలు ఈ కొండవేనని 2017లో పరిశోధకులు తేల్చారు. రాతిలోని రసాయనం, లోపల ఉండే సిల్లిమనైట్ అనే ఖనిజపు సూదులు, రెండూ సరిపోయాయి. రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌తో వ్యాపారం చేసిన రేవు అది. మన రాయి అక్కడిదాకా వెళ్తే, మనం ఇక్కడ కూర్చుని కొరియర్‌లో తెప్పించుకుంటున్నాం.

సానరాయి (11:18)
ప్రశ్న కటింగ్ గురించి.

కొత్తగూడెం కొండరాయి (11:20)
చరిత్ర తెలియకుండా రాయి కొంటే ఇలాగే ఉంటుంది మరి.

తార్నాక టీకప్పు (శనివారం, మధ్యాహ్నం 1:02)
సరే, పంపేస్తా. కానీ ఇంకో రాయి కావాలి కదా. అమ్మమ్మ కమ్మల్లో ఒకదానికి నడిమి రాయి ఊడిపోయింది, దాని కోసమే ఇదంతా. రెండో కమ్మలో రాయి ఉంది, దానికి జోడీ కుదరాలి. వచ్చే నెల మా చెల్లి పెళ్లి. ఈసారి కటింగ్‌లో ఏం చూసుకోవాలి?

పత్తర్‌గట్టి పాతకాపు (1:10)
అక్కా!! ఈ మాట రాత్రే చెప్పొద్దా. కమ్మ వెనక తెరిచి ఉందా, బంగారంతో మూసేసి ఉందా?

తార్నాక టీకప్పు (1:14)
మూసే ఉంది. పాత కమ్మలన్నీ అంతే కదా, చెప్పాలా? రాయి ఊడిన గుంతలో మెరిసే రేకు ముక్క ఉంది.

పత్తర్‌గట్టి పాతకాపు (1:26)
అయితే నేను పొద్దున చెప్పింది సగం తలకిందులు. కిటికీ తప్పన్నాను చూడండి, మీకు కావాల్సింది ఆ కిటికీయే. మూసిన గూట్లో కింది నుంచి వెలుతురు రాదు. పై నుంచి పోయిన వెలుతురు రాయిని దాటి, రేకు మీద పడి, మళ్లీ దాటి పైకి రావాలి. అందుకే పాతవాళ్లు పల్చటి రాయి, అడుగు దాదాపు చదునుగా ఉన్నది పెట్టేవాళ్లు. ఇప్పుడొచ్చింది ఆ గుంతలో దిగనే దిగదు, దిగినా కన్ను మూసినట్టే ఉంటుంది. లోతు మూడు మి.మీ. లోపు అడగండి. 8×6లో లోతు మూడంటే బరువు 1.15 క్యారెట్ల దగ్గర రావాలి. రాయిని తెల్ల కాగితం మీద కాదు, చాక్లెట్ రేకు మీద పెట్టి వీడియో తీయమనండి. నవ్వుకుంటే నవ్వుకోనీయండి. ఆ గుంతలో రేకు నల్లబడిందేమో కూడా ఆచారి గారికి చూపించండి. రేకు చచ్చిపోతే ఎంత మంచి రాయి పెట్టినా వెలగదు.

కొత్తగూడెం కొండరాయి (1:40)
ఇంగ్లండ్‌లో సటన్ హూ అనే చోట 1939లో తవ్విన నగల్లో ఇదే పద్ధతి. ఏడో శతాబ్దం నాటివి. పల్చటి గార్నెట్ పలకలు, వాటి కింద గళ్లు అద్దిన బంగారు రేకు. ఊరికే చరిత్ర చెప్పలేదు నేను.

సానరాయి (1:44)
రెండో కమ్మలో ఉన్నది గార్నెటేనా?

తార్నాక టీకప్పు (1:47)
అమ్మమ్మ కెంపులు అనేది.

సానరాయి (1:47)
మరి గార్నెట్ ఎందుకు కొన్నారు?

తార్నాక టీకప్పు (1:49)
ఫొటో పెట్టి వెతికితే గార్నెట్ అని వచ్చింది.

బోడుప్పల్ భాష్యం (1:58)
మనవాళ్లు ఎర్రగా మెరిసే ప్రతిదాన్నీ కెంపు అనేవాళ్లు, అందులో గాజు ఎంతో, గార్నెట్ ఎంతో. దొంగనోట్లు పట్టే నీలి లైటు ఉంటుంది, చీకట్లో రెండో కమ్మని దాని కింద పెట్టండి. చాలా కెంపులు నిప్పు కణికలా ఎర్రగా వెలుగుతాయి, ఫ్యాక్టరీలో చేసినవి ఇంకా ఎక్కువ. గార్నెట్ ఉలకదు.

తార్నాక టీకప్పు (ఆదివారం, రాత్రి 9:30)
మా వీధి కిరాణా ఆయన దగ్గర లైటు తెచ్చి చూశాను. ఏమీ వెలగలేదు. కొరియర్‌లో వచ్చిన రాయి వాపసు బుక్ చేసేశా, రేపు వచ్చి తీసుకెళ్తారు. అందరికీ థాంక్స్.

సానరాయి (9:41)
వెలగకపోతే గాజు కూడా కావచ్చు. ఊడిపోయిన రాయి దాచారా? దాన్ని థర్మాకోల్ ముక్క మీద పెట్టి నీళ్లలో వదిలి, గట్టి నియోడైమియం అయస్కాంతం దగ్గరికి తెండి. గార్నెట్ అయితే కదిలొస్తుంది.

సానరాయి (బుధవారం, ఉదయం 6:55)
చూశారా?

కూకట్‌పల్లి కొత్తోడు (గురువారం, సాయంత్రం 4:20)
నమస్తే అందరికీ. ఈ చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. గార్నెట్ ఏ వేలికి పెట్టుకోవాలి?

రాహుకాలం (4:22)
అన్నా, ముందు జాతకం పంపండి.