ఓడిన ప్రత్యర్థి ‘ఎండార్స్’ చేస్తే తెలుగులో ఏమనాలి?

అడిగినవారు:

నేను ఒక వెబ్‌సైట్‌లో అంతర్జాతీయ వార్తల డెస్కు చూస్తాను. అమెరికా ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఒక మాట దగ్గర చెయ్యి ఆగిపోతుంది. పార్టీ టికెట్ కోసం ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని తేల్చే రాష్ట్రాలవారీ ఓటింగ్‌లో) కొట్లాడి ఓడినవాళ్లు, తమను ఓడించినవాళ్లనే అధ్యక్ష పదవికి ‘ఎండార్స్’ చేస్తుంటారు. మేం అలవాటుగా ‘మద్దతు ప్రకటించారు’ అని రాసేస్తాం. చాలాసార్లు సరిపోతుంది కూడా. అసలు చిక్కు 2024లో, రిపబ్లికన్ టికెట్ కోసం ట్రంప్‌తో పోటీపడిన నిక్కీ హేలీ దగ్గర వచ్చింది.

వరస చూడండి. మార్చి 6న ఆమె పోటీ నుంచి తప్పుకున్నారు. ట్రంప్‌ను అభినందించారు గానీ, తనకు ఓటేసినవాళ్ల మనసు గెలుచుకోవాల్సిన పని ఆయనదేనన్నారు. మే 22న వాషింగ్టన్‌లో ఒక సభలో ఎవరో అడిగితే, ‘నేను ట్రంప్‌కే ఓటేస్తాను’ అన్నారు. ఆ వెంటనే, మార్చిలో అన్న మాటకు కట్టుబడే ఉన్నానని, తన ఓటర్లు వాళ్లంతట వాళ్లే వచ్చేస్తారని ట్రంప్ అనుకోకూడదని కూడా అన్నారు. చివరికి జులై 16న మిల్వాకీ పార్టీ మహాసభలో వేదికెక్కి, ట్రంప్‌కు తన గట్టి ‘ఎండార్స్‌మెంట్’ ఉందని, అందులో ఇంకో మాట లేదని చెప్పారు.

మే వార్తకీ జులై వార్తకీ తెలుగులో ‘ట్రంప్‌కు హేలీ మద్దతు’ అనే శీర్షికే పెడితే, జులైలో కొత్తగా ఏం జరిగినట్టు? పాఠకుడు ‘ఇది ముందే చదివాం కదా’ అనుకుంటాడు. మధ్యలో జరిగినదంతా కొట్టుకుపోతుంది. ఆమె తప్పుకున్న తర్వాత, ఏప్రిల్‌లో, పెన్సిల్వేనియా ప్రైమరీలో లక్షన్నర మందికి పైగా ఆమెకే ఓటేశారు. మేలో ఆమె అన్న మాట ఎందుకు అలా ఆచితూచి ఉందో, జులై మాటకు ఎందుకంత విలువ వచ్చిందో తెలియాలంటే ఆ రెండిటికీ రెండు మాటలు కావాలి. మీ దగ్గర ఏముంది?

తెలుగు మాస్టారు (రిటైర్డ్):

మంచి ప్రశ్న, తమ్ముడూ. ముందు ‘మద్దతు’ సంగతి. ఉర్దూ ‘మదద్’కి చుట్టం. సాయం, అండ అని అర్థం. అది ఉండే వస్తువు. మద్దతు ఉంటుంది, తగ్గుతుంది, ఉపసంహరించుకుంటారు. ప్రభుత్వాలకు బయటి నుంచి మద్దతు అంటాం. వరికి మద్దతు ధర అంటాం. ఒక రోజు, ఒక వేదిక మీద, ఒక మనిషి చేసిన పనిని చెప్పడానికి ఆ మాటకు ‘ప్రకటించారు’ అని తోక తగిలించక తప్పదు.

మనకు సొంతంగా ఒక క్రియ ఉంది: బలపరచడం. పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు కొత్త కాదు. సర్పంచ్ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు కదా. తెలంగాణలో 2019 జనవరిలో, ఆంధ్రలో 2021 ఫిబ్రవరిలో జరిగినప్పుడు ఏ గోడ మీద చూసినా, ఏ పేపరు తెరిచినా ‘ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి’. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లోనూ అదే మాట. ‘వీడు నావాడు, వీడికి వెయ్యండి’ అని పదిమంది ముందు పేరు పెట్టి చెప్పడం. మీరు వెతుకుతున్న అర్థం అదే. ‘మేలో ఓటేస్తానన్నారు, జులైలో బలపరిచారు’ అని రాయండి. తేడా తెలుస్తుంది.

రెవెన్యూ శాఖలో పనిచేసే సభ్యుడు:

మాస్టారూ, దయచేసి ‘ఎండార్స్‌మెంట్’ని మాత్రం అలాగే దింపకండి. మా తహసీల్దార్ ఆఫీసులో ఎండార్స్‌మెంట్ అంటే అర్జీదారు చేతికిచ్చే రాతపూర్వక జవాబు. సగం సార్లు అందులో ఉండేది ‘మీ అర్జీ పరిశీలించి తిరస్కరించడమైనది’ అనే. ‘ట్రంప్‌కు హేలీ ఎండార్స్‌మెంట్ ఇచ్చారు’ అని చదివితే, ఆయన పాస్‌బుక్ అర్జీ కొట్టేశారేమో అనుకుంటాం.

బ్యాంకు సభ్యురాలు:

మాకు ఇంకో రకం. చెక్కు వెనకాల సంతకం పెట్టి ఇంకొకరికి రాసివ్వడం. అసలు ఆ ఇంగ్లిష్ మాట పుట్టిందే అక్కడ. లాటిన్‌లో ‘డోర్సమ్’ అంటే వీపు. కాగితం వీపు మీద చేసే సంతకం. ఆ లెక్కన తన ఓట్లను వెనక సంతకం పెట్టి ఇంకొకరికి బదిలీ చేయడమే కదా ఇదీ! ఓట్లు చెక్కులంత విధేయంగా మారవనుకోండి.

డాలస్ నుంచి ఒక సభ్యురాలు:

మారిన సందర్భమూ ఉందక్కా. 2020 మార్చి 2, సోమవారం, డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీల సమయం. ముందు రోజే పోటీ ఆపేసిన పీట్ బుటిజజ్, ఆ రోజే ఆపేసిన ఏమీ క్లోబుషార్ ఇద్దరూ మా ఊళ్లోనే జో బైడెన్ పక్కన నిలబడ్డారు. అంతకు కొన్ని నెలల ముందే తప్పుకున్న బీటో ఓరూర్క్ కూడా అదే సాయంత్రం వచ్చారు. మర్నాడు సూపర్ ట్యూస్‌డే, 14 రాష్ట్రాల్లో పోలింగ్. బైడెన్ 10 గెలిచారు. మా టెక్సస్ అందులో ఉంది, క్లోబుషార్ సొంత రాష్ట్రం మిన్నెసోటా కూడా. అంతకు రెండు వారాల ముందు ఆయన పని అయిపోయిందన్నారు అందరూ. సౌత్ కరోలినాలో అక్కడి పార్టీ సీనియర్ నేత జిమ్ క్లైబర్న్ అండగా నిలవడం ఒక మలుపు, ఈ ముగ్గురూ రావడం రెండోది. ఇక్కడి మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ రాత్రి అందరూ రాసింది ఒకటే మాట: ‘ముగ్గురూ బైడెన్‌కి జై కొట్టేశారు’. నాకైతే అదే నచ్చింది. బలం, సందడి రెండూ ఉన్నాయి.

అడిగినవారు:

‘జై కొట్టడం’ శీర్షికలకు మేమూ వాడతాం, అక్కా. ఇరుకు జాగాలో పట్టే మాట. కానీ అందులో ఉత్సాహం ముందే కలిసిపోయి ఉంది. డాలస్‌కు నప్పింది. 2016లో హిల్లరీ క్లింటన్ చేతిలో ఓడిన బెర్నీ శాండర్స్‌కు నప్పుతుందా? జులై 12న న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో హిల్లరీ పక్కన నిలబడి ఆమెను ‘ఎండార్స్’ చేస్తున్నానన్నారు. సభలో ఆయన అభిమానులు కొందరి ముఖాలు చూస్తే జై అనే మాట ఎవరి నోటా లేదు. ఆయన పద్ధతిగా తన పని చేసి వెళ్లారు.

ఇంకో సమస్య. ఒకణ్ణి ఇంకొకడు సమర్థించడానికి తెలుగులో ఉన్న మాటల్లో చాలావాటికి వెటకారం అంటుకుని ఉంది. వత్తాసు పలికాడంటే తప్పుకు తోడయ్యాడనే. కొమ్ము కాశాడంటే పక్షపాతమే. వంత పాడాడంటే సొంత బుర్ర లేదనే. బుర్రకథలో వంతలు లేకపోతే కథే నడవదు, రాజకీయ వ్యాఖ్యానం చేసేది వాళ్లే, హాస్యం పండించేది వాళ్లే, అయినా ఆ మాటను తిట్టు చేసేశాం. ‘సమర్థించడం’ హిందీలో శుభ్రంగా ఉంది గానీ, తెలుగులో అది చేసినదాన్ని వెనకేసుకు రావడం అయింది. అందుకే వార్తల్లో రాసేవాళ్లం మద్దతు చాటున దాక్కుంటాం. మాస్టారి ‘బలపరచడం’ నాకు నచ్చింది.

చట్టం చదివిన సభ్యుడు:

నాకు రెండు అభ్యంతరాలు.

ఒకటి, ‘బలపరచడం’ అన్న మాటకు మన దగ్గర ముందే ఒక ఉద్యోగం ఉంది. మన రాష్ట్రపతి ఎన్నికలో నామినేషన్‌ను 50 మంది ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి. తీర్మానాలకూ అంతే. రెంటినీ కలిపేస్తే ఎలా?

రెండు, ‘ఓటేస్తానన్నారు’ వేరు, ‘బలపరిచారు’ వేరు అంటున్నారు కదా. మరి 2016 ప్రైమరీల్లో ట్రంప్ చేతిలో ఓడిన టెడ్ క్రూజ్ మాటేమిటి? 2016 జులైలో క్లీవ్‌లాండ్ మహాసభలో ట్రంప్‌ను అభినందించి, మనస్సాక్షి చెప్పినట్టు ఓటేయమని ఊరుకున్నారు. హాలంతా గోల పెట్టింది. సెప్టెంబర్ 23న ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టారు. అందులో ఉన్నదేమిటి? బాగా ఆలోచించి, ప్రార్థించి, మనస్సాక్షిని వెతుక్కుని, పోలింగ్ రోజున ట్రంప్‌కు ఓటేయాలని నిర్ణయించుకున్నానని! అంటే ‘ఓటేస్తాను’ అనే. అమెరికా పత్రికలన్నీ దాన్ని ఎండార్స్‌మెంట్ అనే రాశాయి. హేలీ మే మాటకు ఒక నీతి, క్రూజ్ మాటకు ఒక నీతా?

అడిగినవారు:

గట్టి ఉదాహరణే తెచ్చారు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. హేలీని అడిగారు, చెప్పారు, వెంటనే ఒక మెలిక పెట్టారు. ఆ జవాబులో మీరూ వేయండనే మాట లేదు. క్రూజ్ ఎవరూ అడక్కుండా తనే రాశారు. పార్టీ అభ్యర్థి ఎవరైనా మద్దతిస్తానని ముందే ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని, హిల్లరీ గెలుపు తనకు ఎంతమాత్రం సమ్మతం కాదని కారణాలు చెప్పారు, ఆపైన ఆరు విధానాల మీద ఇద్దరికీ తేడా వివరించారు. అదంతా ఇతరులను ఒప్పించడానికి రాసిందే. కాబట్టి ‘ఓటు’ అనే మాట ఉందా లేదా అని కాదు, అవతలివాళ్లను తన వెంట రమ్మంటున్నాడా లేదా అన్నది చూడాలి. క్రూజ్ బలపరిచారనే రాస్తాను. జై కొట్టారని మాత్రం రాయను.

తెలుగు మాస్టారు:

మొదటి అభ్యంతరానికి నేను చెప్తాను. ఒకే మాట రెండు పనులు చేస్తే తప్పేముంది? తీర్మానాన్ని బలపరచడం, అభ్యర్థిని బలపరచడం. కర్మపదం చూస్తే తెలిసిపోతుంది. పైగా 2008లో హిల్లరీ అభ్యర్థిని బలపరచడం, సభలో తీర్మానం ప్రతిపాదించడం రెండూ చేసి చూపించారు. జూన్ 7న వాషింగ్టన్‌లో సభ పెట్టి ఒబామాను బలపరిచారు. ఆడవాళ్లను పైకి ఎదగనివ్వని ఆ కనిపించని గాజు పైకప్పుకు, తనకు పడిన ఓట్ల లెక్కన, కోటీ 80 లక్షల పగుళ్లు పెట్టామని తన ఓటర్లకు చెప్పింది ఆ రోజే. ఆగస్టులో డెన్వర్ మహాసభలో రాష్ట్రాలవారీ ఓటింగ్ జరుగుతుండగా, న్యూయార్క్ ప్రతినిధుల మధ్య నిలబడి, ఇక లెక్కింపు ఆపి ఏకగ్రీవ ధ్వనితో ఒబామాను అభ్యర్థిగా ఎన్నుకుందామని తనే ప్రతిపాదించారు. మొదటిది రాజకీయం, రెండోది సభా విధానం. తెలుగులో రెండూ ఇబ్బంది లేకుండా చెప్పాను కదా ఇప్పుడు.

ఇంకొక్క మాట. ‘మాజీ ప్రత్యర్థి’ అని రాస్తున్నారు కొందరు. మాజీ అనేది పదవులకు. మాజీ మంత్రి, మాజీ సర్పంచ్. ప్రత్యర్థిత్వం పదవి కాదు. ‘నిన్నటి ప్రత్యర్థి’ అంటే హాయిగా ఉంటుంది.

డాలస్ నుంచి సభ్యురాలు:

నిన్నటి ప్రత్యర్థి బాగుంది మాస్టారూ. అలాగే ‘క్యాంపెయిన్ సస్పెండ్’ని కూడా ఎవరైనా బాగుచేయండి. ‘ప్రచారాన్ని తాత్కాలికంగా నిలిపివేసిన శాండర్స్’ అని చదివి మా అత్తయ్య ఫోన్ చేశారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారని.

అడిగినవారు:

‘తాత్కాలికంగా’ అనేది తీసేయాలి. ఇక్కడ ఉద్యోగి సస్పెన్షన్ గుర్తొచ్చి అలా రాస్తున్నారు. అక్కడ పోటీ నుంచి తప్పుకున్నవాళ్లు దాదాపు అందరూ ఆ మాటే వాడతారు, తిరిగి వచ్చేది ఉండదు. 2020 ఏప్రిల్ 8న శాండర్స్ ప్రచారం ఆపారు గానీ, మిగిలిన రాష్ట్రాల బ్యాలెట్లలో తన పేరు ఉంచారు, మహాసభకు వెళ్లే ప్రతినిధుల సంఖ్య పెరిగితే పార్టీ విధానాల మీద పట్టు ఉంటుందని. ఐదు రోజులకే ఆన్‌లైన్‌లో బైడెన్‌ను బలపరిచారు. ‘ప్రచారం ఆపేశారు’ లేదా ‘బరి నుంచి తప్పుకున్నారు’ చాలు. బ్యాలెట్ సంగతి లోపల ఇంకో వాక్యంలో రాసుకోవచ్చు.

చట్టం చదివిన సభ్యుడు:

సరే, ‘బలపరచడం’ ఒప్పుకున్నాను. మరి ట్రంప్ చేతిలోనే ఓడిన జాన్ కేసిక్‌ను ఏమంటారు? 2016లో మహాసభ ఆయన సొంత రాష్ట్రం ఒహాయోలోనే జరిగింది. అప్పుడు ఆయనే గవర్నరు. సభకు వెళ్లలేదు. చివరికి ఓటు కూడా బ్యాలెట్‌లో లేని జాన్ మెక్‌కెయిన్ పేరు రాసి వేశారు. దానికో మాట కావాలి.

తెలుగు మాస్టారు:

దానికి కొత్త మాట దేనికండీ? ‘బలపరచలేదు’ అని రాయండి.