అమ్మానాన్నలతో పెస్కడేరో (కాలిఫోర్నియా తీరం) వైపు గ్లాంపింగ్ (సౌకర్యాలున్న గుడారాల్లో బస), సెప్టెంబర్ చివరి వీకెండ్. పెద్దవాళ్ళు తట్టుకుంటారా?

కాకినాడ_టు_ఫ్రీమాంట్:
అమ్మానాన్న వచ్చి రెండు నెలలైంది. ఇప్పటిదాకా చూపించింది గుడి, కాస్ట్‌కో, గోల్డెన్ గేట్, మళ్ళీ గుడి. నాకే సిగ్గుగా ఉంది. అందుకని శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం వచ్చేసేలా హాఫ్ మూన్ బే నుంచి ఇంకా దక్షిణానికి, హైవే 1 మీద, పెస్కడేరో దాటాక టెంట్ బంగ్లాలు చూసి పెట్టాను. కాన్వాస్ గోడలు, చెక్క నేల, మంచాలు, కరెంటు ఉన్నాయి. బాత్రూములు మాత్రం బయట, అందరికీ కలిపి. నాన్నకి 68, రాత్రి రెండుసార్లైనా లేస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మా వాడికి నాలుగేళ్ళు. మేమిద్దరం మాత్రం కొంచెం హైకింగ్ చేద్దామనుకుంటున్నాం. "ఇంత డబ్బు పోసి గుడారంలో పడుకోవడమేంటే, ఇల్లు లేదా మనకి" అని నాన్న అప్పుడే మొదలెట్టారు. పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి, హైకింగే నా టెన్షన్.

లాహోండా_బాధితుడు:
హైకింగ్ గురించి కాదండీ, రాత్రి గురించి టెన్షన్ పడండి. మేము మా అత్తగారిని, మామగారిని తీసుకెళ్ళాం. పగలంతా ఇద్దరూ మాకంటే ముందు నడిచారు. అసలు కథ రాత్రి పదకొండు తర్వాత. అక్కడ సెప్టెంబర్‌లో కూడా తెల్లవారుజామున 50 ఫారెన్‌హీట్ దాకా దిగుతుంది, అంటే మన లెక్కలో పది డిగ్రీలు. అంకె చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు గానీ సముద్రపు గాలి, తేమ, పైగా కాన్వాస్ గోడ రాత్రంతా టపటపా కొట్టుకుంటూ ఉంటే కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకి అది మాఘమాసం కంటే ఎక్కువే. మామగారు మంకీ క్యాప్, శాలువా, దానిమీద నా జాకెట్ వేసుకుని టార్చి పట్టుకుని బాత్రూముకి వెళ్తుంటే పక్క టెంటు వాళ్ళ పాప ఝడుసుకుంది.

బుక్ చేసేముందు ఫోన్ చేసి మూడు అడగండి. టెంటు లోపల హీటర్ ఉందా లేక పరుపు మాత్రమే వేడెక్కుతుందా. బాత్రూముకి ఎన్ని అడుగులు, దారిలో లైట్లు ఉన్నాయా. దగ్గరగా ఉన్న టెంటు ఇస్తారా. మాకు ఇచ్చినది గుట్ట పైన ఉండేది, మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఇంకోటి, ఫ్రీమాంట్ నుంచి మ్యాప్ హైవే 84 మీదుగా లాహోండా దారి చూపిస్తే వినకండి. చెట్ల మధ్య అందంగానే ఉంటుంది, కానీ అన్నీ మెలికలే, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకి కడుపులో తిప్పేస్తుంది. నా పేరు చూశారుగా. కాస్త చుట్టైనా 92 మీదుగా హాఫ్ మూన్ బే వెళ్ళి కిందికి దిగండి.

గులకరాయి:
అక్కా, మీ అమ్మగారి మోకాళ్ళకి బీన్ హాలో బీచ్ కరెక్ట్. పెబుల్ బీచ్ వైపు కారు పెట్టి సముద్రం గట్టు మీదే నడవడం, ఒకవైపు మైలు దాకా ఉంటుంది, దాదాపు చదునే, ఓపిక ఉన్నంత నడిచి వెనక్కి తిరగొచ్చు. రాళ్ళ మీద సీల్స్ పడుకుని ఉంటాయి. అక్కడి గులకరాళ్ళు మాత్రం తీసుకెళ్ళకూడదు, మీవాడి జేబులు చూసుకోండి.

మీ ఇద్దరికీ ఆన్యో నుయేవో. ఎలిఫెంట్ సీల్స్ ఉండే చోటు, రానూ పోనూ మూడు మైళ్ళ పైనే, చివర్లో ఇసుక దిబ్బలు, అందుకే అమ్మగారికి వద్దంటున్నా. సెప్టెంబర్‌లో కుర్ర సీల్స్ కొన్నే కనిపిస్తాయి. రెండు టన్నులు దాటే మగవి కొట్టుకోవడం, పిల్లలు పుట్టడం చూడాలంటే డిసెంబర్ మధ్య నుంచి మార్చి లోపు రావాలి, అప్పుడు గైడు లేకుండా వదలరు, ముందే బుకింగ్ కావాలి.

బ్యూటానో పార్కు కూడా దగ్గరే, రెడ్‌వుడ్ చెట్లు. 2020 ఆగస్టు మంటల్లో కొంత కాలింది, నల్లబడ్డ మొద్దుల మీదే పచ్చగా చిగురేసి ఉంటాయి. పసుపు రంగులో అరటిపండులా ఉండే నత్తలు (పెంకు ఉండదు) కనిపిస్తే మీవాడు ఇక కదలడు.

కానీ పాయిజన్ ఓక్ జాగ్రత్త. మూడేసి ఆకులుంటాయి, ఆ టైమ్‌కి ఎర్రగా మారి ముద్దొస్తూ ఉంటుంది, పిల్లలు ముందు దాన్నే కోస్తారు. మన దురదగొండి అయితే ముట్టుకోగానే తెలిసిపోతుంది, దీని దురద ఒకట్రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. తగిలిందని అనుమానమొస్తే వెంటనే సబ్బుతో కడిగేయండి, వేసుకున్న బట్టలు కూడా.

బద్ధకం_బ్రో:
నన్నడిగితే గ్లాంపింగ్ దండగ. హాఫ్ మూన్ బేలో మామూలు హోటల్ తీసుకోండి, పొద్దున్నే వేడినీళ్ళ స్నానం చేసి కారెక్కితే అరగంటలో అవే బీచులు. సరదా మీకు, చలి వాళ్ళకి.

లాహోండా_బాధితుడు:
బ్రో చెప్పింది తప్పు కాదు. కానీ మా అత్తగారు ఇండియా వెళ్ళాక చుట్టాలందరికీ చెప్పింది ఆ గుడారం సంగతే, హోటళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

గోంగూర_గ్యాంగ్:
తిండి గురించి ఎవరూ చెప్పలేదేంటి? టెంటు బయట బల్ల మీద పులిహోర, అరిసెల డబ్బా పెట్టి నిద్రపోయాం. రకూన్లు వచ్చాయి. పులిహోర మూత తీసి చూసి వదిలేశాయి (మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు), అరిసెలు ఒక్కటి మిగల్చలేదు. తినేవన్నీ కారు డిక్కీలో పెట్టి తాళం వేయండి. రైస్ కుక్కర్ తీసుకెళ్తే హీటర్, కుక్కర్ ఒకేసారి వేయకండి, మాకు కరెంటు పోయి రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు మూసేశాక చీకట్లో పెరుగన్నం తిన్నాం. ఫోన్ సిగ్నల్ ఉంటుందని కూడా నమ్ముకోకండి.

నీళ్ళ దగ్గర ఇంకోమాట. కాకినాడ వాళ్ళు కదా, నాన్నగారు ప్యాంటు మడిచి దిగిపోతారు. అక్కడ నీళ్ళు ఏడాదంతా ఐసే, పైగా కాసేపు చిన్న అలలు వచ్చి ఉన్నట్టుండి ఒక పెద్దది గట్టు దాకా వచ్చి మనిషిని లోపలికి లాగేస్తుంది. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగొద్దు.

కాకినాడ_టు_ఫ్రీమాంట్:
అందరికీ థాంక్స్ అండీ. ఫోన్ చేశాను. హీటర్ లేదట, వేడి పరుపేనట. అదే చోట లోపలే బాత్రూమున్న చెక్క క్యాబిన్లు ఉన్నాయన్నారు, రేటు ఎక్కువే. అమ్మానాన్నకి అది ఒకటి, మాకూ వాడికీ టెంటు ఒకటి, ఒక్క రాత్రికే తీసుకున్నాం. రెండో రాత్రి డబ్బులు క్యాబిన్‌కి పోయాయి. గుడారం నాది, ఇల్లు వాళ్ళది అన్నాను, నాన్న నవ్వారు.

పిజియన్ పాయింట్ లైట్‌హౌస్ ఫోటో చూపిస్తే 115 అడుగులా, 1872 నాటిదా అని అడిగి, మన కాకినాడ దగ్గరి వాకలపూడి లైట్‌హౌస్ ఎంతుంటుందో అని ఆలోచనలో పడ్డారు. శనివారం సాయంత్రం ఆరున్నరకల్లా అక్కడుంటాం. "సముద్రంలోంచి సూర్యుడు రావడం పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను, అందులోకి దిగడం చూస్తాను" అంటున్నారు నాన్న.

గులకరాయి:
పొగమంచు పట్టకపోతే, అక్కా. ఏడింటికి అటూ ఇటూ అస్తమయం. మంకీ క్యాప్ మర్చిపోవద్దు.