కల్నల్ సంతోష్‌బాబు గారి పాత్ర వేయాలి, మాజీ సైనికులు ఎవరైనా సాయం చేస్తారా?

ఆగస్టు 15కి మా ఊళ్లో వేసే నాటకంలో నాది కల్నల్ సంతోష్‌బాబు గారి పాత్ర. సూర్యాపేట మనిషి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ అయ్యి, 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో అమరులయ్యారు, ఆ తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు, ఇదంతా చదివాను. కానీ ఒక కమాండింగ్ ఆఫీసర్ తన జవాన్ల మధ్య ఎలా నిలబడతాడు, ఏ గొంతుతో ఆర్డర్ ఇస్తాడు అన్నది చదివితే వచ్చేది కాదు కదా. సెల్యూట్ చేస్తే మోచెయ్యి కిందికి జారిపోతోంది, ఎలా సరిచేసుకోవాలి? పైగా అక్కడ తుపాకులు పేలలేదు, చేతులతో, రాళ్లతో, కర్రలతో జరిగిన ఘర్షణ, దాన్ని సినిమా ఫైటులా చేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఇంకోటి, కుటుంబాన్ని ముందుగా అడగడం మర్యాదా, లేక వాళ్లను మళ్లీ బాధపెట్టినట్టవుతుందా? దయచేసి చెప్పండి.