హబ్‌లో హార్డ్ డిస్క్ పెడితే టిక్‌టిక్ అని ఆగిపోతంది, ఏటి సమస్య?

పర్లాకిమిడి జిరాక్స్: అన్నయ్యలూ, సీపీయూ ముందు ఒక్క పోర్టే పనిచేస్తందని నాలుగు పోర్టుల హబ్ కొన్నాను, కీబోర్డు, మౌసు, వేలిముద్రల మెషీన్ అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెడితే లైటు వెలుగుతంది, టిక్‌టిక్ అంటంది, మై కంప్యూటర్‌లో మాత్రం కనబడదు. పోయినట్టేనా? అందులో ఒక పార్టీ పెళ్లి ఫోటోలున్నాయి.

రాయగడ: కంగారు పడకు తమ్ముడూ, కరెంటు చాలక అయ్యుంటాది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, రూల్ ప్రకారం 500 మిల్లీఆంప్స్ దాకా. అడాప్టర్ లేని హబ్ ఆ ఒక్క పోర్టు కరెంటునే పంచాలి, ఒక్కోదానికి 100 లెక్కన. మౌసుకి సరిపోద్ది, లోపల పళ్లెం తిరగాల్సిన డిస్కుకి అది ఏ మూలకి? మొదలయ్యేటప్పుడైతే ఇంకా ఎక్కువ లాగుతాది. సీపీయూ వెనకాల నీలం పోర్టుంటే నేరుగా అందులో పెట్టు, నీలం అంటే మామూలుగా 3.0, 900 దాకా ఇస్తాది. ఊరికే పీకి పెట్టి పీకి పెట్టి చెయ్యకు, అప్పుడు నిజంగానే పోద్ది.

గుణుపురం: లేదంటే అడాప్టర్ ఉన్న హబ్ తీసుకో, గోడ ప్లగ్గు నుంచి కరెంటు లాక్కుంటాది. ప్రింటర్‌కి ఈ గొడవ లేదు, దాని ప్లగ్గు దానికుంటాది, యూఎస్‌బీ వైరు డేటాకే.

పర్లాకిమిడి జిరాక్స్: నీలం దాంట్లో వచ్చేసిందన్నయ్యా!! ఫోటోలు కాపీ అవుతన్నాయి. కస్టమర్లు ఫోను ఛార్జింగ్ కూడా హబ్‌కే పెడతన్నారు, తీయించేయాలా?

రాయగడ: తీయించెయ్, మొహమాటమేటి. గోడకి ప్లగ్గు చూపించు.