యుద్ధంలో విద్యుత్ కేంద్రాలపై దాడుల గురించి మన ఎంపీని ఏమని అడగాలి?

ప్రశ్న:
ఉక్రెయిన్ విద్యుత్ వ్యవస్థపై 2022 అక్టోబరు నుంచి సాగిన దాడులకు సంబంధించి అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2024 మార్చిలో ఇద్దరు రష్యా సైనికాధికారులపై అరెస్టు వారెంట్లు జారీ చేసింది. ఇటువంటి దాడులు చట్టబద్ధమేనా అని లోక్‌సభలో ప్రశ్నించవలసిందిగా మా ఎంపీ గారికి లేఖ రాయదలిచాను. ప్రశ్నను ఎలా కూర్చాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
‘చట్టబద్ధమేనా’ అని నేరుగా అడిగితే అది సభ వరకూ రాదండీ. అభిప్రాయం కోరే ప్రశ్నలను, విడిగా న్యాయసూత్రాన్ని తేల్చమనే ప్రశ్నలను, మిత్రదేశాన్ని అమర్యాదగా ప్రస్తావించే వాటిని లోక్‌సభ నియమావళిలోని 41వ నిబంధన అనుమతించదు. కాబట్టి ప్రభుత్వం ఏం చేసిందో అడగండి.

రెండవ జవాబు:
అసలు చిక్కు మన దగ్గరే ఉంది. యుద్ధ బాధితులను కాపాడే 1949 నాటి జెనీవా ఒప్పందాలను అమలు చేయడానికి 1960లో చట్టం చేసుకున్న భారతదేశం, పౌర ఆస్తులను, తాగునీటి వ్యవస్థలను, ఆనకట్టలను దాడుల నుంచి కాపాడే నిబంధనలున్న 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్‌లో (వాటికి అనుబంధ ఒప్పందం) ఇప్పటికీ చేరలేదు. అయితే అణు కేంద్రాలపై పరస్పరం దాడి చేసుకోరాదని 1988లో పాకిస్తాన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు అణు కేంద్రాల జాబితాలను ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. ‘ఆ ప్రోటోకాల్‌లో చేరే విషయాన్ని ప్రభుత్వం పరిశీలించిందా, లేనిచో కారణాలేమిటి?’ అని అడిగితే విదేశాంగ శాఖ తప్పించుకోవడం కష్టం.

మూడవ జవాబు:
నక్షత్ర గుర్తు ప్రశ్నగా ఇవ్వమనండి. మంత్రి సభలో మౌఖికంగా చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ వీలుంటుంది. నోటీసుకు కనీసం 15 రోజుల గడువు కావాలి కనుక సమావేశాల తేదీలు వెలువడగానే లేఖ పంపండి.