దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ వీణ పట్టాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 58. బ్యాంకు ఉద్యోగం నుంచి నిరుడు విరమణ తీసుకున్నాను. చిన్నతనంలో వీణ నేర్చుకుని, వర్ణాలు పూర్తిచేసి కృతుల్లోకి వస్తున్న సమయంలో పెళ్లయింది. ఆ తర్వాత బదిలీలు, పిల్లల చదువులు, అత్తగారి అనారోగ్యం ఒకదాని వెనుక ఒకటి రావడంతో వీణ గవిసెన దాటి బయటకు రాలేదు. మా నాన్నగారు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించి ఇచ్చిన ఏకాండీ వీణ అది. ఈమధ్య బయటకు తీసి చూస్తే పనస కర్రకు ఏమీ కాలేదు గానీ, తీగలు తుప్పు పట్టాయి, వేలితో నొక్కే లోహపు మెట్ల కింది మైనం అక్కడక్కడ పగిలింది, రెండు మెట్లు పూర్తిగా ఊడి వచ్చాయి.

నా సందేహాలు మూడు. ఈ వీణను బాగుచేయించుకోవచ్చునా, లేక కొత్తది కొనాలా? తొలి పాఠాలైన సరళీ స్వరాల నుంచి మళ్లీ మొదలుపెట్టాలా? అన్నిటికంటే నన్ను బాధిస్తున్నది మూడవది. వైణికులు ఈమని శంకరశాస్త్రి గారినీ, చిట్టిబాబు గారినీ రేడియోలో వింటూ పెరిగిన చెవులు నావి. కల్యాణి రాగం ఎలా పలకాలో మనసుకు స్పష్టంగా తెలుసు, కానీ తెలిసిన వారి వీణ మీద ప్రయత్నిస్తే ఆ గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, వేలికి రాలేదు. ఈ వయసులో అది తిరిగి వస్తుందా?

జవాబు 1 (విజయనగరం నుంచి, వీణ ఉపాధ్యాయురాలు)

అమ్మా, ఏకాండీ వీణను దయచేసి వదులుకోకండి. గుండ్రటి కుండ, పొడవాటి దండి ఒకే పనస దుంగలో తొలిచిన వీణ అది. కర్రలో పగుళ్లు లేకపోతే మిగిలినవన్నీ మార్చుకోగలిగినవే. మైనం ఎండి పెళుసెక్కడం సహజం. పాత మైనం తీసేసి, కొత్త మైనం పోసి, ఇరవైనాలుగు మెట్లనూ ఒక్కొక్కటిగా శ్రుతికి సరిచూసి నిలబెట్టాలి. మేళం కట్టడమంటే ఇదే. చెవి పదునుగా ఉన్న పనివారే చేయాలి, ఎందుకంటే ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినా రెండు స్థాయిల్లోనూ ఏదో ఒక స్వరం తప్పు పలుకుతూనే ఉంటుంది. తప్పు మేళం మీద సాధన చేస్తే మీరు ఇన్నాళ్లు కాపాడుకున్న చెవి కూడా దెబ్బతింటుంది. కాబట్టి మేళం కట్టించాకే సాధన మొదలుపెట్టండి.

పాత తీగలను బిగించే ప్రయత్నం అస్సలు చేయకండి. తుప్పు పట్టిన తీగ తెగి కంటికి తగిలే ప్రమాదం ఉంది. వాయించే నాలుగు తీగలనూ, తాళం వేసే మూడింటినీ పూర్తిగా మార్చించండి. కొత్త తీగలు వేశాక ఒకేసారి పూర్తి శ్రుతికి లాగవద్దు. చాలా కాలం బరువు లేకుండా ఉన్న దండి మీద లాగుడు మెల్లగా పడనివ్వాలి. మేళం కట్టించిన తర్వాత వీణను ఎండ పడే కిటికీ పక్కన ఉంచితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, అది మరవకండి.

ఇక సరళీ స్వరాల విషయం. మొదలుపెట్టాలి, కానీ చిన్నపిల్లలు మొదలుపెట్టే కారణంతో కాదు. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగం స్వరస్థానాలు మీకు కొత్తగా నేర్పవలసినవి కావు. వేళ్లకు కావలసినది బలం, చర్మానికి కావలసినది గట్టిదనం. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలి కొనల మీద తీగ గాడి పడి కాయ కాసేదాకా నొప్పి తప్పదు. మొదటి వారాల్లో కొద్దిసేపే, రోజుకు రెండు పూటలా వాయించండి. చిన్న గిన్నెలో కొబ్బరినూనె పక్కన పెట్టుకుని వేలి కొనకు కాస్త రాసుకుంటే తీగ మీద జారుడు సులభమవుతుంది. మధుమేహం ఉంటే మాత్రం వేళ్లకు పుండ్లు పడకుండా చూసుకుంటూ వైద్యుల సలహా తీసుకోండి.

జవాబు 2 (హైదరాబాదు నుంచి)

మూడవ ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. నేనూ చాలా కాలం వదిలేసి, అరవై దాటాక తిరిగి వీణ ముందు కూర్చున్నాను. చెవికీ చేతికీ మధ్య ఉన్న ఆ దూరమే చాలామందిని రెండో నెలలో మాన్పిస్తుందని నా నమ్మకం. చిన్నప్పుడు మనకు చెవి, చెయ్యి కలిసి పెరిగాయి. చేసిన తప్పు మనకు పూర్తిగా వినపడేది కాదు కనుక ధైర్యంగా వాయించాం. ఇప్పుడు ప్రతి తప్పూ వినపడుతుంది. అది బాధ పెట్టినా, గురువు పక్కన లేనప్పుడు కూడా దిద్దుకోగలిగే శక్తి మీకు ఉందని దాని అర్థం.

ఆచరణలో నాకు పనికివచ్చినది ఒకటుంది. గమకానికి తీగను పక్కకు లాగడంలోనే వేలి బలమంతా ఖర్చవుతుంది. అందుకే కొంతకాలం సారణి తీగను, అంటే ఎక్కువగా వాయించే మొదటి తీగను, కాస్త సన్ననిది వేయించుకుని, శ్రుతిని కొద్దిగా తగ్గించాను. శ్రుతి తగ్గించినంత మాత్రాన మేళం చెడదు. తర్వాత రాగమంతా ఎత్తుకోకుండా ఒక్క స్వరం తీసుకున్నాను. కల్యాణిలో గాంధారం నుంచి తీగ లాగి మధ్యమాన్ని పలికించడం, ఆ తర్వాత మధ్యమం మెట్టు మీద నేరుగా మీటి రెండింటినీ పోల్చడం. లాగిన స్వరం మెట్టు స్వరంతో కలిసేదాకా ముందుకు వెళ్లలేదు. మెట్టే అక్కడ గురువు. వర్ణమంతా ఒకసారి గబగబా వాయించినదానికంటే ఈ చిన్న పని నా వేలిని ఎక్కువగా దారికి తెచ్చింది.

జవాబు 3 (విశాఖపట్నం నుంచి)

పై ఇద్దరూ చెప్పినదానికి తానాన్ని చేర్చుతాను. తాళం కట్టుబాటు లేకుండా, అయినా ఒక నడకతో సాగే తానం వీణకు ఆయువుపట్టు. తిరిగి వచ్చేవారికి అది ఎంతో అనుకూలం కూడా, ఎందుకంటే తాళం ముందుకు తరుముతుందన్న భయం ఉండదు, కుడిచేతి మీటు మాత్రం చక్కగా కుదురుతుంది. తానానికి అనువైనవిగా పేరున్న ఘన రాగాలలో నాట, ఆరభి ముందు తీసుకోండి. లాగుళ్లు తక్కువ, మెట్ల మీదే రాగం నిలబడుతుంది. వరాళి తర్వాత చూడవచ్చు.

మోకాళ్ల నొప్పి ఉంటే బాసింపట్టు వేసుకునే తీరాలన్న పట్టుదల వద్దు. ఎత్తు తక్కువ బల్ల మీద వీణను ఆనించి, కుర్చీలో కూర్చుని వాయించండి. నడుము నిటారుగా, ఎడమ మణికట్టు స్వేచ్ఛగా ఉంటే చాలు.

అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. కొత్త వీణ ఆలోచన మానుకున్నాను. గొల్లపల్లి పనివారితో మాట్లాడితే వీణను అక్కడికే తీసుకురమ్మన్నారు. మా అబ్బాయి కారులో తీసుకువెళ్తానన్నాడు. విజయనగరం అమ్మగారికి ఒక చిన్న ప్రశ్న. మేళం కట్టించేటప్పుడే శ్రుతి తక్కువగా పెట్టమని వారికి చెప్పాలా, లేక మామూలు శ్రుతికి కట్టించి, ఇంటికి వచ్చాక నేను తగ్గించుకోవాలా?

జవాబు 1 (విజయనగరం నుంచి)

మామూలు శ్రుతికే కట్టించండి, అమ్మా. సారణి మాత్రం సన్న తీగ కావాలని ముందే చెప్పండి. తీగ మారితే దాని లాగుడు మారుతుంది కనుక ఆ తీగతోనే వారు మెట్లు సరిచూడాలి. వీణ చేతికి ఇచ్చేముందు సారణి మీద పై షడ్జమం దాకా ఒక్కొక్క మెట్టూ వారి ఎదుటే మీటి విని చూసుకోండి.